లక్సర్‌లో ఒక్క రోజు: గైడుతో ఆలయాలు, సమాధులు చూడబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈజిప్టు ప్రయాణంలో లక్సర్‌కు ఒక్క రోజే కేటాయించగలిగిన తెలుగువారి కోసం ఈ పేజీ. బయల్దేరే ముందు స్నేహితులూ బంధువులూ అడిగే ప్రశ్నలే ఇవన్నీ. ధరలు మాత్రం రాయడం లేదు. అక్కడ టికెట్ల ధరలు తరచూ మారుతుంటాయి, పాత అంకెలు నమ్ముకుని వెళ్తే కౌంటరు దగ్గర నిరాశే మిగులుతుంది.

పిరమిడ్లు లక్సర్‌లోనే ఉంటాయి కదా?

ఉండవు. అవి కైరో పక్కన గీజాలో ఉన్నాయి. లక్సర్ అక్కడికి దక్షిణంగా దాదాపు 650 కిలోమీటర్ల దూరంలో, నైలు ఒడ్డున ఉంది. ప్రాచీన ఈజిప్షియన్లు ఈ ఊరిని వాసెట్ అనేవారు, గ్రీకులు థీబ్స్ అన్నారు. అమున్ దేవుడి ఊరు ఇది. క్రీ.పూ. 1550 నుంచి సుమారు 1070 వరకు, అంటే 18, 19, 20 రాజవంశాల కాలంలో దీని వైభవానికి సాటి లేదు. మీరు చూడబోయేదంతా దాదాపు ఆ కాలం నాటిదే.

గీజా పెద్ద పిరమిడ్‌కూ ఇక్కడి రాజుల లోయకూ మధ్య సుమారు వెయ్యేళ్ల తేడా ఉంది. ఎంత పెద్ద పిరమిడ్ కడితే దొంగలకు అంత దూరం నుంచీ దారి చూపినట్టని ఆ వెయ్యేళ్లలో రాజులకు బాగానే బోధపడింది. అందుకని ఆలయాన్ని నలుగురికీ కనిపించే మైదానంలో కట్టి, సమాధిని మాత్రం గడ్డిపరక మొలవని లోయలో కొండను తొలిపించి దాచుకున్నారు. ఆ లోయ మీద ఎల్ ఖుర్న్ అనే శిఖరం సహజంగానే పిరమిడ్ ఆకారంలో ఉంటుంది. గైడు చూపించేలోపే మీకు కనిపిస్తుంది.

దాచిన ఫలితం దక్కలేదు. రామ్సెస్ 9 (ఆ పేరున్న తొమ్మిదో రాజు) కాలంలో సమాధి దొంగలను విచారించిన కాగితాలు, నీటిరెల్లుతో చేసిన పపైరస్ మీద రాసినవి, ఇప్పటికీ ఉన్నాయి. చివరికి పూజారులే రాజుల మమ్మీలను సమాధుల్లోంచి తీసి, దేర్ ఎల్ బహరీ దగ్గర ఒక గుహలో గుట్టుగా పేర్చారు. ఆ గుహలోని మమ్మీలను అధికారులు బయటికి తెచ్చింది 1881లో. అంతకు ముందే ఒక స్థానిక కుటుంబం ఆ చోటు కనిపెట్టి, అందులోని వస్తువులను కొద్దికొద్దిగా అమ్ముకుంటూ వచ్చింది.

రోజు ఎలా సాగుతుంది?

తెల్లవారుజామున మొదలవుతుంది, అది తప్పదు. రాజుల లోయ ఉదయం 6 గంటలకు తెరుస్తారు. నైలు పడమటి ఒడ్డున ఉన్న సమాధులు, ఆలయాలు ముందు చూసి, మధ్యాహ్నం భోజనం చేసి, తూర్పు ఒడ్డుకు వచ్చి కర్నాక్ ఆలయ సముదాయం, ఆ తర్వాత లక్సర్ ఆలయం చూడటం వాడుక. ఈ వరుస మార్చమని గైడును అడగకండి. లోయలో నీడ ఉండదు, పది దాటితే సున్నపురాయి కొండలు వేడిని తిరిగి మొహాన కొడతాయి. పైగా నైలు మీద పర్యాటక ఓడల్లో వచ్చే బృందాలు ఆ సమయానికే దిగుతాయి.

ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో వంతెన ఉంది. బస్సులో వెళ్లేవాళ్లు ఆ వంతెన చుట్టి వెళ్తారు. మీది చిన్న బృందమైతే లక్సర్ ఆలయం ముందు నుంచి పడవలో దాటించమని అడగండి, కొన్ని నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరతారు.

సమాధులన్నీ పడమటి ఒడ్డునే ఎందుకు?

సూర్యుడు అస్తమించే దిక్కు కాబట్టి. చనిపోయినవాళ్లది పడమర, బతికున్నవాళ్లది తూర్పు అని గైడు చెబుతారు. అది చాలావరకు నిజమే గానీ గీత గీసినంత కచ్చితం కాదు. అమెన్‌హోటెప్ 3 తన రాజభవనం పడమటి ఒడ్డునే కట్టుకున్నాడు. సమాధులు తొలిచిన పనివాళ్లూ పెళ్లాం పిల్లలతో అటే కాపురమున్నారు.

ఒక్క రోజులో అన్నీ చూసేయగలమా?

చూడలేరు. చూశామని చెప్పుకునేవాళ్లు టికెట్లు చింపించుకున్నారంతే.

మామూలు పర్యటనలో రాజుల లోయ, హట్షెప్సుట్ ఆలయం, మెమ్నాన్ విగ్రహాలు, కర్నాక్, లక్సర్ ఆలయం ఉంటాయి. వీటికే ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. కొందరు దీనికి రాణుల లోయ, మెదీనెత్ హబు, రామెసియం ఆలయాలు కూడా కలిపి "పది ప్రదేశాలు" అని అమ్ముతారు. లెక్క పెరిగేకొద్దీ ఒక్కొక్క చోట నిలబడే సమయం తగ్గుతుంది. నా మాట వింటే, రాజుల లోయకు రెండు గంటలు, కర్నాక్‌కు రెండు గంటలు ఎవరికీ ఇవ్వకుండా పట్టుకోండి. మిగిలిన సమయంలో ఏం చూడాలో ఆ తర్వాత తేల్చుకోండి. హట్షెప్సుట్ ఆలయాన్ని వదిలేసి మెదీనెత్ హబుకు వెళ్లమని కూడా కొందరికి చెబుతుంటాను. కారణం కింద రాస్తాను.

రాజుల లోయ టికెట్టుతో ఎన్ని సమాధులు చూడవచ్చు? ఏవి ఎంచుకోవాలి?

లోయలో 60కి పైగా సమాధులూ గుంతలూ బయటపడ్డాయి. వాటిలో కొన్ని మాత్రమే తెరిచి ఉంటాయి, అవి కూడా వంతులవారీగా మారుతుంటాయి. సాధారణ టికెట్టుతో మూడు చూడవచ్చు. టూటన్‌ఖామున్, సేతి 1, రామ్సెస్ 6 సమాధులకు విడిగా టికెట్లు కొనాలి. సమాధుల అంకెలు 1827లో ఇంగ్లీషు పరిశోధకుడు జాన్ గార్డ్‌నర్ విల్కిన్సన్ మొదలుపెట్టిన వరుస. గైడులు రాజు పేరుకు బదులు అంకె చెబుతుంటారు, కంగారు పడకండి.

ఆ మూడు అవకాశాలనూ ఒకే రకం సమాధుల మీద ఖర్చు చేయకపోవడం మంచిది. రామ్సెస్ 4 సమాధి (2వ అంకె) తిన్నగా, వెడల్పుగా ఉంటుంది, దిగడం కష్టం కాదు. అక్కడ క్రైస్తవ సన్యాసులూ గ్రీకు యాత్రికులూ గోడల మీద గీసిన రాతలు కనిపిస్తాయి. పర్యాటకులు గోడలు పాడుచేయడం కొత్త అలవాటేమీ కాదని తెలుస్తుంది. రామ్సెస్ 3 సమాధి (11) పక్కగదులకు ప్రసిద్ధి, వాటిలో ఒకదాంట్లో వీణ లాంటి వాద్యం వాయిస్తున్న అంధ గాయకుల బొమ్మలు ఉన్నాయి.

మోకాళ్లు సహకరిస్తే తుట్మోస్ 3 సమాధి (34) తెరిచి ఉందేమో అడగండి. కొండ చీలికలో ఇనుప మెట్లు ఎక్కి, మళ్లీ లోపలికి దిగాలి. బృందాలు అటు రావు. లోపలి గది కోడిగుడ్డు ఆకారంలో, రాజు పేరు చుట్టూ గీసే గీతలాగా ఉంటుంది. గోడల నిండా సన్నని నల్లగీతలతో గీసిన మనుషులు. పపైరస్ చుట్టను విప్పి గోడ చుట్టూ అంటించినట్టే గీశారు. మిగతా సమాధుల్లోని రంగుల హంగు ఇక్కడ లేదు, అయినా చాలామందికి ఇదే గుర్తుండిపోతుంది.

అదనంగా డబ్బు పెట్టే ఆలోచన ఉంటే సేతి 1 సమాధి (17) లోయలో అన్నిటికన్నా గొప్పది. 1817లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ కనుగొన్నాడు. సుమారు 137 మీటర్ల పొడవు. గోడ మీద పైకి తేలిన చెక్కడాల మీద రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి. అక్కడక్కడ గోడకు పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. చిత్రలిపిని చదవడం ప్రపంచానికి నేర్పిన షాంపోలియన్ 1829లో కోయించి పట్టుకుపోయిన ముక్క ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. రాజు శవపేటిక లండన్‌లో ఉంది.

టూటన్‌ఖామున్ సమాధికి వెళ్లకపోతే లక్సర్ చూసినట్టేనా?

చూసినట్టే. అది చిన్న సమాధి, నాలుగు గదులు, రంగులు వేసింది ఒక్క గదికే. బంగారు ముసుగు, రథాలు, సింహాసనం ఏవీ అక్కడ లేవు. అయిదు వేలకు పైబడిన ఆ వస్తువులు చూడాలంటే గీజా పక్కన 2025 నవంబరులో తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి వెళ్లాలి.

మరి వెళ్లేవాళ్లు ఎందుకు వెళ్తారు? ఇంగ్లీషు పురావస్తు పరిశోధకుడు హోవార్డ్ కార్టర్ మనుషులకు 1922 నవంబరు 4న మొదటి మెట్టు కనిపించిన చోటు అది. రామ్సెస్ 6 సమాధి తొలిచిన పనివాళ్ల గుడిసెలూ రాళ్లూ పైన పడి ఈ గుమ్మాన్ని కప్పేశాయి, అందుకే మిగిలింది. పందొమ్మిదేళ్ల వయసులో పోయిన ఆ కుర్ర రాజు మమ్మీని ఇతర రాజుల మమ్మీల్లా కైరోకు తరలించకుండా, సమాధిలోనే గాజుపెట్టెలో ఉంచారు. ఆ కథ మీ మనసుకు దగ్గరైతే టికెట్టు కొనండి. బొమ్మల కోసమైతే అదే డబ్బు సేతి దగ్గర పెట్టండి. ఇంకో మార్గమూ ఉంది: లోయకు వెళ్లే దారిలో కార్టర్ ఉన్న ఇంటి దగ్గర ఈ సమాధికి అచ్చమైన నకలు 2014 నుంచి ఉంది. అక్కడ రద్దీ ఉండదు.

శాపం సంగతేమిటి?

ఏమీ లేదు. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో దోమకాటు పుండై, రక్తం విషమెక్కి చనిపోయాడు. పత్రికలకు అది చాలింది. సమాధి తెరిచిన కార్టర్ 1939 వరకు బతికాడు.

గోడల మీద బొమ్మలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏం చూడాలి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసి వెళ్తే మిగతా రోజంతా తేలికవుతుంది.

రాజు సమాధి గోడల మీద రాజు జీవితచరిత్ర ఉండదు. యుద్ధాలు, దానాలు, కట్టించిన గుళ్లు అన్నీ ఆలయాల గోడల మీద ఉంటాయి. సమాధి గోడల మీద ఉన్నది సూర్యుడి రాత్రి ప్రయాణం. సూర్యుడు పడమట కుంగాక పాతాళంలో పన్నెండు గంటలు పడవలో వెళ్తాడని వారి నమ్మకం. ఒక్కో గంటకూ ఒక ద్వారం, ఒక కాపలాదారు, ఒక గండం. అపెప్ అనే మహాసర్పం పడవను మింగాలని చూస్తుంది, దేవతలు దాన్ని కత్తులతో కోస్తారు, కట్టేస్తారు. తెల్లవారేసరికి సూర్యుడు మళ్లీ పుడతాడు. చనిపోయిన రాజు కూడా ఆ పడవలోనే ఉంటాడు. సూర్యుడు గట్టెక్కితే తనూ గట్టెక్కుతాడు.

ఇప్పుడు లోపలికి నడవండి. గుమ్మం దగ్గర ఎర్రని సూర్యబింబం, అందులో పేడపురుగు, పొట్టేలు తల ఉన్న మనిషి కనిపిస్తారు. మూడూ సూర్యుడి రూపాలే. నడవా లోపలికి దిగేకొద్దీ మీరూ ఆ గంటలు దాటుతున్నట్టే. పాములను వెతకండి, పడవలను వెతకండి. తలకిందులుగా ఉన్న మనుషులు, తలలు తెగినవాళ్లు కనిపిస్తే వాళ్లు సూర్యుడి శత్రువులు. రామ్సెస్ 6 సమాధి (9) చివరి గదిలో తల ఎత్తి చూడండి. ఆకాశదేవత నూట్ శరీరం పైకప్పు పొడవునా రెండుసార్లు, వీపుకు వీపు ఆనించి, గీసి ఉంటుంది. ఆమె సాయంత్రం సూర్యుణ్ణి మింగి, ఉదయం కంటుంది. మింగిన బింబం ఒంట్లో గంట గంటకూ జరుగుతుండటం కూడా చూపించారు. ఆ పైకప్పు కోసమే ఆ సమాధికి విడి టికెట్టు పెట్టినా ఒప్పుకోవచ్చు.

గైడు సమాధి లోపలికి రారా?

రాజుల లోయలో గైడులు సమాధి లోపల ప్రసంగించడానికి అనుమతి లేదు. బయట నిలబడి, బొమ్మలు చూపిస్తూ వివరించి మిమ్మల్ని లోపలికి పంపుతారు. రద్దీ, మనుషుల ఊపిరితో పేరుకునే తేమ, ఈ రెండూ గోడలకు శత్రువులు కాబట్టి ఈ నియమం. గైడు బయట చెప్పేటప్పుడు చాలామంది ఫోను చూసుకుంటూ ఉంటారు, లోపలికి వెళ్లాక "ఇదేమిటి, అదేమిటి" అని ఒకరినొకరు అడుగుతారు. లోపల మీకు తోడు మీరు విన్నదే.

లోపల కొందరు కాపలాదారులు తాడు అవతలికి రమ్మని, టార్చి వేసి చూపిస్తామని పిలుస్తారు. చివర్లో చెయ్యి చాపుతారు. అక్కర్లేదంటే నవ్వి తల అడ్డంగా ఊపి ముందుకు నడవండి.

తెలుగులో చెప్పే గైడు దొరుకుతారా?

ఆశ పెట్టుకోకండి. అక్కడ ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఈజిప్టు గైడులే చెప్పాలి. ఇంగ్లీషులో చెప్పేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు, వాళ్లలో చాలామంది ఈజిప్టు ప్రాచీన చరిత్రనే చదువుకున్నవాళ్లు. హైదరాబాద్, విజయవాడల నుంచి బృందంగా వెళ్తే నాయకుడు తర్జుమా చేస్తాడు గానీ, పది వాక్యాలు ఒక వాక్యమవుతాయి. ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే ముందురోజు రాత్రి సూర్యుడి కథ, హట్షెప్సుట్ కథ, రామ్సెస్ కథ ఇంట్లోవాళ్లే వాళ్లకు చెప్పి ఉంచడం మేలు. పురాణాలు విని పెరిగినవాళ్లకు ఆ కథలు మనకన్నా తొందరగా పట్టుబడతాయి.

హట్షెప్సుట్ ఆలయం ప్రత్యేకత ఏమిటి?

దేర్ ఎల్ బహరీ దగ్గర నిట్టనిలువు కొండ గోడకు ఆనించి మూడు అంతస్తులుగా కట్టిన ఆలయం. దూరం నుంచి చూస్తే నిన్న మొన్న కట్టినట్టుంటుంది. 1961 నుంచి పోలెండు నిపుణులు ఈజిప్టువారితో కలిసి చేసిన పునరుద్ధరణ అందుకు కొంత కారణం. హట్షెప్సుట్ సుమారు క్రీ.పూ. 1479 నుంచి 1458 వరకు ఏలింది. మొదట బాలుడైన తుట్మోస్ 3 పేరు మీద పాలన నడిపి, ఆ తర్వాత తనే ఫరో, అంటే రాజు, అని ప్రకటించుకుంది, శిల్పాల్లో రాజు గడ్డం కూడా పెట్టించుకుంది. ఆమె పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత, తుట్మోస్ 3 పాలన చివర్లో, ఆమె పేరూ బొమ్మలూ ఉలితో చెరిపించారు. పగ అయితే అన్నేళ్లు ఆగుతాడా అన్న ప్రశ్న ఇప్పటికీ ఉంది. వారసత్వం గురించిన లెక్కలే కారణమని నాకూ అనిపిస్తుంది.

రెండో అంతస్తులో ఎడమ చేతి వైపు పుంట్ దేశ యాత్ర చెక్కడాలు ఉన్నాయి. ఎర్రసముద్రం మీదుగా ఓడలు పంపి, సాంబ్రాణి జాతి చెట్లను వేళ్లతో సహా బుట్టల్లో తెప్పించింది. నీటి కింద చేపలు కూడా జాతి గుర్తుపట్టేంత వివరంగా ఉన్నాయి. చాలా బృందాలు మెట్లెక్కి, ఫోటో దిగి, ఈ గోడ చూడకుండానే దిగిపోతాయి.

మరి దాన్ని వదిలి మెదీనెత్ హబుకు ఎందుకు వెళ్లాలి?

ఎండ, రద్దీ, తగ్గిన సమయం. మెదీనెత్ హబు రామ్సెస్ 3 ఆలయం. అక్షరాలు చెయ్యి లోపలికి పోయేంత లోతుగా చెక్కించాడు, తర్వాతి రాజెవడూ చెరిపి తన పేరు రాసుకోకూడదని. పైకప్పు అడుగున రంగులు ఉన్నాయి, నీడ ఉంది, జనం తక్కువ. సముద్రం మీదుగా వచ్చిన జాతులతో యుద్ధం ఉత్తరపు గోడ మీద ఉంది. చచ్చిన శత్రువులను లెక్కించడానికి నరికిన చేతులు గుట్టగా పోసి, పక్కన గుమాస్తా రాసుకుంటూ ఉంటాడు. అంత గొప్ప చెప్పుకున్న రాజు చివరికి అంతఃపుర కుట్రలో పోయాడు. 2012లో మమ్మీని స్కాన్ చేస్తే గొంతు కోసిన గాయం కనిపించింది.

అక్కడికి దగ్గరలోనే దేర్ ఎల్ మెదీనా, సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు. రామ్సెస్ 3 ఏలుబడి 29వ ఏట కూలి కింద ఇవ్వాల్సిన ధాన్యం రాకపోయేసరికి వాళ్లు పనిముట్లు దించి, ఆకలేస్తోందని ఆలయాల దగ్గర బైఠాయించారు. చరిత్రలో రాతపూర్వకంగా మిగిలిన తొలి సమ్మె ఇదే. ఆ పపైరస్ ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. ఈ ఊళ్లో సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి ఒక చిన్న గది. నడుం వంచి దిగాలి. రాజు కోసం రోజంతా పాములు గీసినవాడు తన గదిలో మాత్రం గోధుమ చేను కోస్తున్న భార్యాభర్తలను గీసుకున్నాడు. పక్కనే కాలువ, పళ్ల చెట్లు. ఒక్క రోజు పర్యటనల్లో దీన్ని సాధారణంగా కలపరు, అడిగితే కలుపుతారు.

మెమ్నాన్ విగ్రహాల దగ్గర ఎంతసేపు?

పది నిమిషాలు. టికెట్టు లేదు. అమెన్‌హోటెప్ 3 ఆలయం ముందు కూర్చున్న రెండు రాతి విగ్రహాలు, సుమారు 18 మీటర్ల ఎత్తు. క్రీ.పూ. 27లో భూకంపానికి ఒకటి పగిలి, తెల్లవారుజామున ధ్వని చేసేదట. అది వినడానికి క్రీ.శ. 130లో రోము చక్రవర్తి హాడ్రియన్ కూడా వచ్చాడు. తర్వాత పగుళ్లు పూడ్చారు, పాట ఆగిపోయింది.

కర్నాక్ ఎందుకంత పెద్దది?

ఒక్క రాజు కట్టినది కాదు గనుక. వచ్చిన ప్రతి రాజూ ఒక ద్వారమో, మండపమో, రాతి స్తంభమో చేర్చాడు. అవసరమైతే తాతలు కట్టినది కూల్చి ఆ రాళ్లే వాడుకున్నాడు. దాదాపు రెండు వేల ఏళ్లు ఇదే తంతు.

మన గుళ్లు తెలిసినవారికి ఇక్కడి నడక కొత్తగా అనిపించదు. ఎత్తైన ద్వారం, ఆరుబయట ప్రాకారం, స్తంభాల మండపం, ఆ పైన చీకటి గర్భగుడి. లోపలికి వెళ్లేకొద్దీ నేల కొంచెం లేస్తుంది, పైకప్పు దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది. మామూలు జనానికి లోపలి భాగాల్లోకి ప్రవేశం లేదు. పండగ రోజుల్లో దేవుడే పడవ ఆకారపు పల్లకిలో పూజారుల భుజాల మీద బయటికి వచ్చేవాడు. ఓపెట్ పండగకు అలా కర్నాక్ నుంచి లక్సర్ ఆలయానికి ఊరేగేవాడు. ఆ ఊరేగింపు దారి, రెండు పక్కలా సింహం ఒంటితో ఉండే స్ఫింక్స్ విగ్రహాలతో సుమారు 2.7 కిలోమీటర్లు, తవ్వి బాగుచేసి 2021 నవంబరులో తెరిచారు.

పెద్ద మండపంలో 134 స్తంభాలు. నడిమి పన్నెండూ సుమారు 21 మీటర్ల ఎత్తు. సేతి 1 మొదలుపెట్టి, కొడుకు రామ్సెస్ 2 పూర్తి చేశాడు. తండ్రి చెక్కించిన భాగంలో బొమ్మలు గోడ మీద పైకి తేలి, సున్నితంగా ఉంటాయి. కొడుకు వంతు వచ్చేసరికి లోతుగా, త్వరగా గుంటలు పెట్టి చెక్కినవి. ఒకసారి గమనిస్తే ఎవరి పనో మీరే చెప్పగలరు.

మొదటి ద్వారం పూర్తి కాలేదు. దాని వెనక, లోపలి ప్రాకారంలో, పచ్చి ఇటుకల వాలు ఇంకా ఉంది. రాళ్లు పైకి లాగడానికి వేసిన దారి అది. గ్రహాంతరవాసులు కట్టారని వీడియోల్లో చెప్పేవారికి చూపించాల్సిన చోటు. హట్షెప్సుట్ నిలిపిన ఒబెలిస్క్ (మొన తేలిన రాతి స్తంభం) కూడా చూడండి, ఒకే గ్రానైటు రాయి, 29 మీటర్లకు పైన. అస్వాన్ క్వారీలో తొలిచి తీసే పని ఏడు నెలల్లో ముగిసిందని దాని పీఠం మీదే రాయించింది.

పవిత్ర కొలను పక్కన రాతి పేడపురుగు చుట్టూ ప్రదక్షిణలు చేసే జనం కనిపిస్తారు. తిరిగితే కోరికలు తీరుతాయని గైడులు చెబుతారు. ప్రాచీన ఈజిప్టుకూ ఆ ఆచారానికీ సంబంధం లేదు. కాళ్లు నొప్పులు పుట్టకపోతే మీ ఇష్టం.

లక్సర్ ఆలయానికి పగలు వెళ్లాలా, రాత్రా?

చీకటి పడ్డాక. దీపాలు వేస్తారు, రాత్రి వరకు తెరిచే ఉంటుంది. ముంగిట ఒకే ఒబెలిస్క్ ఉంది. దాని జంట 1836 నుంచి పారిస్ నడిబొడ్డున కాంకర్డ్ కూడలిలో నిలబడి ఉంది. బదులుగా ఫ్రాన్సు ఇచ్చిన గడియారం కైరో కోటలో చాలాకాలం నడవలేదు.

మొదటి ప్రాకారంలో పైకి చూస్తే అబూ హగ్గాగ్ మసీదు కనిపిస్తుంది. దాని పాత తలుపు గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. మసీదు కట్టిన నాటికి ఆలయం ఆ ఎత్తు వరకు మట్టిలో కూరుకుపోయి ఉంది. లోపల ఒక గదిలో రోమన్లు ఈజిప్టు చెక్కడాల మీద సున్నం పూసి తమ బొమ్మలు వేసుకున్నారు, ఇంకా లోపల అలెగ్జాండర్ ఫరో వేషంలో అమున్‌కు నైవేద్యం పెడుతూ ఉంటాడు. మసీదులో ఇప్పటికీ నమాజు జరుగుతుంది.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి. పగలు హాయిగా, తెల్లవారుజామున స్వెటరు వేసుకునేంత చలిగా ఉంటుంది. అక్టోబరు, మార్చి కూడా ఫరవాలేదు. మే నుంచి సెప్టెంబరు వరకు 40 డిగ్రీలు దాటుతుంది. మన రామగుండం, రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్లు ధైర్యం చెబుతుంటారు, కానీ అక్కడ గాలిలో తేమ లేక చెమట పట్టినట్టే తెలియదు, దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. నీళ్లు సీసాల్లో కొని, అడగకముందే తాగుతూ ఉండండి. రంజాన్ నెలలో వేళలు మారవచ్చు, ముందే కనుక్కోండి.

పెద్దవాళ్లూ పిల్లలూ తిరగగలరా?

ఆలయాలు తిరగగలరు, నేల చాలావరకు చదునే. రాజుల లోయలో గేటు నుంచి సమాధుల దాకా చిన్న విద్యుత్ బండ్లు తిప్పుతారు. సమాధుల్లోనే ఇబ్బంది: చెక్క మెట్లు, వాలు నడవాలు, గాలి ఆడకపోవడం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రామ్సెస్ 4, రామ్సెస్ 7 సమాధులు సులువు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు సేతి, మెరెన్‌ప్టా సమాధుల లోతుకు దిగకపోవడమే మంచిది. దిగడం గొప్ప కాదు, ఎక్కి రావాలి. పిల్లలకు పాముల లెక్క, పడవల లెక్క అప్పగించండి, విసుగు దానంతటదే పోతుంది.

శాకాహారం దొరుకుతుందా?

నిశ్చింతగా. అన్నం, పప్పు, మాకరోనీ, సెనగలు, పైన వేయించిన ఉల్లిపాయ, టొమాటో పులుసు కలిపే కొషారీ పూర్తి శాకాహారం. బాకలా (ఒక రకం పెద్ద చిక్కుడు) గింజలను నానబెట్టి రుబ్బి, ఆకుకూర కలిపి వేయించే తామియా మన మసాలా వడకు దగ్గరి చుట్టం. ఫూల్ అనే బాకలా కూర, రొట్టె పొద్దుటి ఫలహారం. కారం మాత్రం ఉండదు, పచ్చడి సీసా సంచిలో వేసుకోండి. మధ్యలో ఎక్కడైనా ఎర్రని కర్కదే పానీయం ఇస్తే తాగండి. గోంగూర మొక్క పువ్వు కింద ఉండే ఎర్రని రేకులతో కాచేది అదే, పులుపు వెంటనే గుర్తుపడతారు.

ఫోటోలు తీసుకోనిస్తారా?

ఫోనుతో, ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు. స్టాండు పెట్టాలంటే విడిగా అనుమతి కావాలి. గోడలకు చెయ్యి ఆనించకండి, వీపు సంచీ కూడా.

డబ్బు, బక్షీసు, దుకాణాల సంగతి?

టికెట్లకు ఇప్పుడు ఎక్కువ చోట్ల బ్యాంకు కార్డే తీసుకుంటారు, నగదు కాదు. మీ కార్డు విదేశాల్లో పనిచేసేలా బయల్దేరకముందే బ్యాంకుతో మాట్లాడుకోండి. చిల్లర నోట్లు మాత్రం దగ్గర ఉంచుకోండి: మరుగుదొడ్డి దగ్గర, పడవవాడికి, డ్రైవరుకు బక్షీసు ఇవ్వడం అక్కడి మామూలు. గైడుకు రోజు చివర ఇస్తారు.

పడమటి ఒడ్డున పాలరాయి దుకాణం, తూర్పున పపైరస్ దుకాణం. బస్సు అక్కడ ఆగిందంటే గైడుకు వాటా ఉందనే అనుకోండి. అది నేరమేమీ కాదు, వాళ్ల జీతాలు తక్కువ. కానీ మీ కర్నాక్ సమయమే అక్కడ కరిగిపోతుంది. "దుకాణాలు వద్దు" అని బుకింగ్ చేసేటప్పుడే రాతలో అడగండి. వీధిలో చవకగా అమ్మే పపైరస్ చాలావరకు అరటి నారతో చేసిన నకలు. మడిస్తే పెళుసుగా విరుగుతుంది.

భద్రత ఎలా ఉంటుంది?

1997 నవంబరు 17న హట్షెప్సుట్ ఆలయం దగ్గర సాయుధులు 62 మందిని చంపారు, వారిలో 58 మంది విదేశీ పర్యాటకులు. ఆ తర్వాత నుంచే గేట్ల దగ్గర తనిఖీలు, దారిలో పోలీసు చౌకీలు. ఇప్పుడు పర్యాటకులకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది గుర్రబ్బండి వాళ్ల బేరాలే. బయల్దేరే వారం ముందు మన విదేశాంగ శాఖ సూచనలు మాత్రం చూసుకోండి.

తెల్లవారుజామున బెలూను ఎక్కవచ్చా?

పడమటి ఒడ్డు మీద ఎగురుతాయి, పొలాలూ ఎడారీ కత్తితో కోసినట్టు విడిపోవడం పైనుంచి కనిపిస్తుంది. 2013 ఫిబ్రవరిలో ఒక బెలూను మంటలంటుకుని 19 మంది చనిపోయారన్నది కూడా తెలిసే నిర్ణయించుకోండి. ఎక్కితే నిద్ర మూడింటికే లేవాలి, సాయంత్రం కర్నాక్‌లో కళ్లు మూతలు పడతాయి. ఒక్క రోజే ఉన్నవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

రాజుల మమ్మీలు ఎక్కడ చూడాలి?

చాలావరకు కైరోలో. 2021 ఏప్రిల్‌లో 22 మంది రాజులు, రాణుల మమ్మీలను ఊరేగింపుగా ఈజిప్టు నాగరికతా మ్యూజియానికి తరలించారు. లక్సర్ మ్యూజియంలో రెండు ఉన్నాయి, ఒకటి అహ్మోస్ 1ది, రెండోది రామ్సెస్ 1దని భావిస్తున్నారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో కూడా ఒక ఈజిప్టు మమ్మీ ఉంది, నిజాం కుటుంబం ద్వారా వచ్చింది. బయల్దేరే ముందు పిల్లలకు అది చూపిస్తే వాళ్ల ప్రశ్నలు సగం ఇక్కడే మొదలవుతాయి.

కైరో నుంచి ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా? అబూ సింబెల్ కూడా కలపవచ్చా?

మొదటిది కుదురుతుంది. విమానం గంట ప్రయాణం. కాకపోతే తొలి విమానం దిగి లోయకు చేరేసరికి ఎండెక్కుతుంది, రాత్రి విమానం కోసం లక్సర్ ఆలయంలో దీపాలు చూడకుండానే పరుగెత్తాలి. ముందురోజు సాయంత్రమే చేరి పడమటి ఒడ్డున ఒక రాత్రి గడపగలిగితే ఈ రెండు బాధలూ ఉండవు. రాత్రి రైలు సుమారు పది గంటలు.

అబూ సింబెల్ కలపలేరు. అది దక్షిణాన సుడాన్ సరిహద్దు దగ్గర ఉంది. అస్వాన్ డ్యాం నీళ్లలో మునగకుండా 1964 నుంచి 1968 వరకు కొండను ముక్కలుగా కోసి పైకి చేర్చిన ఆలయం అది. నాగార్జునసాగర్ నీళ్ల కోసం నాగార్జునకొండ కట్టడాలను పైకి తరలించిన సంగతి తెలిసిన మనవాళ్లు తప్పక చూడాల్సిందే, కానీ దానికి అస్వాన్‌లో మకాం వేసి, మరో రోజు పెట్టుకోవాలి.